మనిషికి పైన ఎవరు?

పరిహాసంగా పుట్టి, ఆదర్శంగా ఎదిగి, హంతకులకు సాకుగా మారిన జర్మన్ సమాసం 'ఊబర్‌మెన్ష్'. మన 'తదుపరి', మన 'మనిషి' దానికి దూరపు చుట్టాలే

హైదరాబాద్‌లో ఫోన్ తెర మీద వేలు నొక్కి కారు పిలిపించుకునేవారికి 'ఉబర్' అంటే ట్యాక్సీ. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఆ కంపెనీ పేరు జర్మన్ భాషలోని ఓ చిన్న మాట. 'ఊబర్' అంటే పైన, మించి అని అర్థం. జర్మన్‌లో ఆ మాట మొదటి అక్షరం నెత్తిన రెండు చుక్కలుంటాయి. అమెరికా చేరేసరికి చుక్కలు రాలిపోయాయి. అందరికంటే మేటి అనే గొప్ప మాత్రం మిగిలింది. ఆ గొప్పలో మరో పాత మాట నీడ కూడా ఉంది. ఆ మాట 'ఊబర్‌మెన్ష్'. ఇంగ్లీషులో అది సూపర్‌మాన్, తెలుగులో అతిమానవుడు.

20వ శతాబ్దంలో ఇన్ని చేతులు మారిన సమాసాలు అరుదు. ఒక తత్వవేత్త దాన్ని మానవాళికి గమ్యమన్నారు. నాజీలు ఆ తత్వవేత్త పేరును జెండాకు కట్టుకున్నారు. ఇద్దరు యూదు కుర్రాళ్లు దానికి నీలిరంగు దుస్తులు, ఎర్రటి వస్త్రం తొడిగి పిల్లలకిచ్చారు. పుదుచ్చేరిలో ఒక యోగి, లాహోర్‌లో ఒక కవి దానికి తమ జవాబులు చెప్పారు. అంబేద్కర్ దాన్ని మనుస్మృతి పక్కన పెట్టి తూకం వేశారు.

ఈ గొడవంతా నిజానికి తెలుగు వ్యాకరణం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన ప్రశ్నే. ఈ సమాసానికి విగ్రహవాక్యం ఏమిటి? 'మనుషులందరికీ పైన ఉండేవాడు' అని చెప్పాలా? 'తనలోని మనిషిని దాటి పైకి వెళ్లేవాడు' అని చెప్పాలా? మొదటి అర్థం నిలబడాలంటే కింద ఎవరో ఒకరు పడి ఉండాలి. రెండోదానికి ఆ అవసరం లేదు. ఊబర్‌మెన్ష్ చరిత్ర ఈ రెండు అర్థాల మధ్య జరిగిన కుస్తీ.

చుట్టరికం ఎక్కడ?

ముందుగా సమాసంలోని రెండు ముక్కలు. జర్మన్ 'ఊబర్', ఇంగ్లీషు 'ఓవర్', లాటిన్ 'సూపర్', గ్రీకు 'హ్యూపెర్', సంస్కృత 'ఉపరి' ఒకే తల్లి బిడ్డలు. 'పైన' అనే అర్థమున్న ఒకే ప్రాచీన ధ్వనిరూపం నుంచి అవన్నీ చీలాయన్నది భాషాశాస్త్రవేత్తల మాట. ఆ 'ఉపరి' సంస్కృతం ద్వారా తెలుగులోకి వచ్చి 'ఉపరితలం'లో కనిపిస్తుంది. ఆఫీసు కాగితాల్లో రోజూ దొర్లే 'తదుపరి'లోనూ అదే ఉంది.

రెండో ముక్క 'మెన్ష్'. అంటే మనిషి. ఆడామగా తేడా లేకుండా మానవులెవరికైనా చెల్లే మాట. ప్రాచీన జర్మన్‌లో 'మన్' అనే నామవాచకానికి ప్రత్యయం చేరి 'మెన్నిస్కో' అయింది. మొదట దాని అర్థం 'మానవ సంబంధమైన' అనే. సంస్కృతంలో 'మను' నుంచి 'మనుష్య' వచ్చినట్టే ఇదీ వచ్చింది. ఆ మనుష్యుడే తెలుగులో మనిషయ్యాడు. క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల గురించి రాస్తూ, వారు తమ మూలపురుషుడిగా 'మన్నుస్' అనే వ్యక్తిని కీర్తిస్తారని చెప్పారు. మన పురాణాల్లోని మనువును ఈ మన్నుస్‌తో పోల్చిన పండితులు చాలామంది ఉన్నారు.

తెలుగు ద్రావిడ భాష కాబట్టి ఈ చుట్టరికం సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న మాటలకే పరిమితం. మన సొంత మాటలు 'పై', 'మీద' వేరే వంశానివి. అసలు మాటలకున్న చుట్టరికాన్ని మనుషుల రక్తానికి అంటగట్టడమే 19వ శతాబ్దపు పెద్ద పొరపాటు. 'ఆర్య' అనేది భాషలకు వర్తించే పేరేగానీ రక్తానికి, పుర్రె ఆకారానికి సంబంధించింది కాదని మాక్స్‌ముల్లర్ 1888లో గట్టిగా హెచ్చరించారు. వినవలసినవారు వినలేదు. కాకతాళీయంగా అదే సంవత్సరం మరో జర్మన్ చేతికి మనుస్మృతి అనువాదం ఒకటి చిక్కింది. ఆ సంగతికి ముందు మాట పుట్టుక చూడాలి.

మొదట అది ఎగతాళి

క్రీ.శ. రెండో శతాబ్దం. నేటి టర్కీలో ఉన్న సమోసతా పట్టణానికి చెందిన లూసియన్ గ్రీకు భాషలో వ్యంగ్య రచనలు చేసేవారు. వాటిలో ఒకటి చనిపోయినవారు పడవలో పరలోకానికి వెళ్లే కథ. ఒక నియంత ప్రాణం మీద తీపితో వెనక్కి పంపమని కాళ్లావేళ్లా పడుతుంటాడు. ఇరుగునే ఉండిన చెప్పులు కుట్టే మికిల్లస్ మాత్రం పోగొట్టుకునేదేమీ లేదు గనక ఉత్సాహంగా బయల్దేరతాడు. బతికున్నప్పుడు ఆ నియంత పట్టుబట్టలు, బంగారు పాత్రలు, పరివారం చూసి మికిల్లస్‌కు అతను మానవమాత్రుడు కాడనిపించేది. అక్కడ లూసియన్ వాడిన మాట 'హ్యూపెరాంత్రోపోస్'. ఊబర్‌మెన్ష్‌కు సరిగ్గా గ్రీకు ప్రతిరూపం. చావు ఆ ఆడంబరాన్ని వలిచేశాక చూస్తే నియంత నవ్వులాటగా కనిపిస్తాడు. అలాంటివాణ్ని చూసి నోరు తెరిచినందుకు చెప్పులవాడు తనను చూసి తానే ఇంకా ఎక్కువ నవ్వుకుంటాడు.

అంటే ఈ భావం సాహిత్యంలో తొలినాళ్లలోనే వేళాకోళపు గొంతుతో వినబడింది. జర్మన్ మాట సంగతీ అంతే. 16వ శతాబ్దంలో మత సంస్కర్త లూథర్ అనుచరులను వారి ప్రత్యర్థులు ఈ మాటతో ఎత్తిపొడిచారు. మిగతావారికంటే తామే పవిత్రులమన్నట్టు నడుచుకుంటున్నారని దెప్పడం దాని ఉద్దేశం. 1664లో రోస్టాక్‌కు చెందిన మతాచార్యుడు హైన్రిష్ ముల్లర్ ఆ మాటను వెనక్కి లాక్కుని మంచి అర్థమిచ్చారు. భక్తితో కొత్త జన్మ ఎత్తినవాడే నిజమైన మనిషి, అతడే ఊబర్‌మెన్ష్ అన్నది ఆయన భావం. రెండో విగ్రహవాక్యం తొలిసారి స్పష్టంగా వినిపించింది ఇక్కడే. అందులో పైకి ఎక్కడం ఉంది, ఎవరి భుజాన్నీ తొక్కడం లేదు.

18వ శతాబ్దం చివర హెర్డర్ మానవత్వం గురించి రాసిన లేఖల్లో ఈ మాట వస్తుంది. అయితే అది మెచ్చుకోలు కాదు. మనిషి మనిషిగా నిండుగా వికసించాలన్నది హెర్డర్ ఆశ. దాన్ని దాటిపోయామనే డాంబికం ఆయనకు గిట్టదు. ఆయన మిత్రుడు గోథే 'ఫౌస్ట్' నాటకంలో మాటను మళ్లీ దాని పుట్టింటికి చేర్చారు. సకల విద్యలూ నేర్చినా తృప్తి లేని ఫౌస్ట్ మంత్రబలంతో భూమి ఆత్మను పిలుస్తాడు. తీరా అది ప్రత్యక్షమైతే గడగడ వణికిపోతాడు. అప్పుడు ఆ ఆత్మ అతణ్ని వెక్కిరిస్తూ పిలిచే పిలుపే 'ఊబర్‌మెన్ష్'. 1808లో అచ్చయిన ఈ నాటకం చదవని జర్మన్ విద్యావంతుడు లేడు. కాబట్టి తర్వాత ఈ మాటను ఎత్తుకున్న నీషేకు దాని వెనకున్న నవ్వు బాగా తెలుసు.

సంతలో చెప్పిన మాట

ఫ్రెడరిక్ నీషే వృత్తిరీత్యా ప్రాచీన భాషల పండితుడు. 24 ఏళ్లకే, 1869లో, బాసెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పొందారు. గ్రీకు సాహిత్యం ఆయనకు కొట్టినపిండి. బైరన్ నాటకాల మీద విద్యార్థి దశలో రాసిన వ్యాసంలోనే ఊబర్‌మెన్ష్ మాట వాడారు. దాన్ని తన సొత్తుగా మార్చుకున్నది మాత్రం 1883-85 మధ్య వెలువడిన 'జరతుష్ట్ర ఇలా చెప్పాడు'లో.

ఆ పుస్తకం ఆరంభమే ఒక వైఫల్యం కథ. పదేళ్లు కొండమీద గడిపిన జరతుష్ట్ర కిందికి దిగి ఓ ఊరి సంతకు వస్తాడు. జనం గడకర్ర ఆటగాడు తాడు మీద నడిచే విద్య చూసేందుకు మూగి ఉంటారు. జరతుష్ట్ర వాళ్లకు ఊబర్‌మెన్ష్ గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. మనిషి గమ్యం కాదు, జంతువుకూ ఊబర్‌మెన్ష్‌కూ మధ్య కట్టిన తాడు మాత్రమేనంటాడు. ఆటగాడి గురించి చెబుతున్నాడనుకుని జనం నవ్వుతారు. ఏ కష్టమూ వద్దు, కాస్త సుఖముంటే చాలనుకునే 'చివరి మనిషి' వస్తాడని ఆయన హెచ్చరిస్తే, మాకు ఆ మనిషే కావాలని కేకలేస్తారు.

నీషే ఉద్దేశంలో దేవుడి మీద నమ్మకం సడలిన యూరప్‌లో మంచిచెడులకు ఆధారం పోయింది. కొత్త విలువలను తనకు తానుగా నిర్మించుకోగలిగేవాడు కావాలి. అందుకు మనిషి ముందుగా తనను తాను జయించాలి. జరతుష్ట్ర పొడుగునా వినిపించే పల్లవి ఈ ఆత్మవిజయమే. చిత్రమేమిటంటే ఆ పుస్తకం తర్వాత నీషే రచనల్లో ఈ మాట చాలా అరుదు. నాలుగో భాగాన్ని ఆయన 1885లో సొంత ఖర్చుతో సుమారు 40 ప్రతులే వేయించుకున్నారు. తన మాటను డార్విన్ పరిణామవాదంతో ముడిపెడుతున్న పండితులను 1888లో రాసిన ఆత్మకథలో తీవ్రంగా ఈసడించారు. మరుసటి జనవరిలో ఇటలీలోని ట్యూరిన్‌లో ఆయనకు మతి చలించింది. 1900లో చనిపోయేదాకా మళ్లీ కోలుకోలేదు. తన మాట ఊరేగుతున్న సంగతి ఆయనకు తెలియదు.

అనువాదకుల చిక్కు

1896లో జరతుష్ట్రను ఇంగ్లీషులోకి తెచ్చిన అలెగ్జాండర్ టిల్ ఊబర్‌మెన్ష్‌కు 'బియాండ్ మాన్' అని పెట్టారు. ఆవలి మనిషి అన్నమాట. అది అతకలేదు. 1903లో బెర్నార్డ్ షా నాటకం 'మాన్ అండ్ సూపర్‌మాన్' రావడంతో లాటిన్ ముక్క తగిలించిన 'సూపర్‌మాన్' స్థిరపడింది. 1954లో వాల్టర్ కౌఫ్‌మన్ దాన్ని తోసిపుచ్చి 'ఓవర్‌మాన్' అన్నారు. దాటడం, అధిగమించడం అనే అర్థాలు అందులో ధ్వనిస్తాయని ఆయన వాదన. హిట్లర్ జర్మనీ నుంచి అమెరికాకు వలసపోయిన కౌఫ్‌మన్‌కు ఈ తేడా ఒట్టి పదాల పట్టింపు కాదు.

తెలుగు 'అతిమానవుడు'కూ ఇదే చిక్కు. 'అతి' అంటే దాటి అనే అర్థం 'అతిక్రమించడం'లో ఉంది. మరీ ఎక్కువ అనే అర్థం 'అతి చేయడం'లో ఉంది. వాడుకలో రెండోదే బలం. అందుకే అతిమానవుడనగానే మనకు కొండలెత్తేవాడు గుర్తొస్తాడుగానీ తనతో తాను పోరాడేవాడు కాదు.

చెల్లెలి పెత్తనం

నీషే చెల్లెలు ఎలిజబెత్ యూదులంటే ద్వేషం నింపుకున్న బెర్న్‌హార్డ్ ఫోర్స్టర్‌ను పెళ్లాడారు. ఇద్దరూ కలిసి దక్షిణ అమెరికాలోని పరాగ్వేలో 'నూతన జర్మనీ' పేరుతో శుద్ధ జాతి వలస నెలకొల్పబోయారు. అది అప్పుల్లో కూరుకుపోయింది. భర్త 1889లో చనిపోయారు. తిరిగొచ్చిన ఎలిజబెత్ చేతికి మతిలేని అన్న, ఆయన అచ్చుకాని కాగితాలు వచ్చాయి. 1894లో నీషే భాండాగారం తెరిచారు. ఆయన విడివిడిగా రాసుకున్న ముక్కలను ఏరి కూర్చి 1901లో 'అధికార కాంక్ష' పేరిట పుస్తకం వేయించారు. నీషే పూర్తిచేయని పుస్తకం ఆయన ప్రధాన గ్రంథంగా చలామణి అయింది. యూదు వ్యతిరేకులతో పొత్తు పెట్టుకున్నందుకు నీషే తననే ఉత్తరాల్లో దులిపేసిన సంగతి మరుగున పడింది. 1935లో ఎలిజబెత్ అంత్యక్రియలకు హిట్లర్ స్వయంగా హాజరయ్యారు.

ఈలోగా మాట దారి తప్పిన జాడలు అమెరికాలోనూ కనిపించాయి. 1924లో చికాగోలో బాగా చదువుకున్న ఇద్దరు సంపన్న యువకులు 14 ఏళ్ల బాలుణ్ని ఎత్తుకెళ్లి చంపారు. తాము మామూలు మనుషులం కాదు, మామూలు నీతి తమకు వర్తించదన్న పిచ్చి వారిని పట్టిందని డిఫెన్స్ లాయర్ క్లారెన్స్ డారో కోర్టుకు చెప్పుకున్నారు. ఉరి తప్పింది, యావజ్జీవ శిక్ష పడింది.

మొదటి విగ్రహవాక్యానికి కింద పడి ఉండేవాడు కావాలి. వాడికీ ఒక సమాసం దొరికింది: 'ఉంటర్‌మెన్ష్'. అంటే అధమ మానవుడు. నీషే ఈ మాటను ఒకచోట మరుగుజ్జులు, కిన్నెరల వంటి కల్పిత జీవుల సందర్భంలో వాడారు. జాతిద్వేషపు అర్థం అమెరికా నుంచి వచ్చింది. 1922లో లోత్రోప్ స్టొడార్డ్ అనే అమెరికన్ నాగరికతకు అధములతో ముప్పు ఉందంటూ పుస్తకం రాశారు. 1925లో అది జర్మన్‌లోకి వెళ్లినప్పుడు ఆయన 'అండర్ మాన్' కాస్తా 'ఉంటర్‌మెన్ష్' అయింది. 1942లో హిట్లర్ ఎస్ఎస్ దళం అదే పేరుతో చిత్రాల పుస్తకాన్ని లక్షల్లో అచ్చువేసింది. యూదులు, స్లావులు మనుషుల్లా కనిపించినా మనుషులు కారన్నది దాని సారాంశం. ఆ పుస్తకం వచ్చిన ఏడాదికి మృత్యు శిబిరాలు పనిచేస్తున్నాయి.

ఇంతకాలానికి నీషే అసలు రాతప్రతులను ఇటలీ పండితులు కొల్లి, మోంటినారి పరిశీలించి 1967 నుంచి ప్రామాణిక ముద్రణ తెచ్చారు. అలాగని నీషే పూర్తి నిర్దోషి అనలేం. సమానత్వమంటే ఆయనకు చిరాకు. మనుషుల్లో మెట్లుండాలన్నది ఆయన దాచుకోని అభిప్రాయం.

కుర్రాళ్ల జవాబు

1933 జనవరిలో, హిట్లర్ గద్దెనెక్కుతున్న నెలలోనే, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్ అనే యూదు కుర్రాడు తన చిన్న పత్రికలో 'రీన్ ఆఫ్ ది సూపర్‌మాన్' అనే కథ వేశాడు. బొమ్మలు మిత్రుడు జో షుస్టర్‌వి. అందులో సూపర్‌మాన్ దుర్మార్గుడు. బట్టతల, ప్రపంచాన్ని ఏలాలన్న దురాశ. తర్వాత ఇద్దరికీ ఆలోచన మారింది. 1938లో 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికతో వచ్చిన సూపర్‌మాన్ బలహీనుల పక్షాన నిలిచే వలస బిడ్డ. పగలు కళ్లద్దాలు పెట్టుకుని మామూలు విలేఖరిగా బతుకుతాడు. 1940లో ఒక పత్రిక కోసం గీసిన కథలో అతను హిట్లర్‌ను, స్టాలిన్‌ను పట్టి తెచ్చి నానాజాతి సమితి ముందు నిలబెడతాడు. ఎస్ఎస్ వారపత్రికకు ఒళ్లు మండి సీగెల్ మీద విషం కక్కింది. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మేన్' సినిమాతో తెలుగు తెర మీదికి దిగింది ఈ క్లీవ్‌లాండ్ వంశస్థుడే, జర్మన్ వంశస్థుడు కాదు.

మనువు ముందు నీషే

1888 మేలో నీషే చేతికొచ్చిన పుస్తకం లూయి జకోలియో ఫ్రెంచి అనువాదం. బెంగాల్‌లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌లో న్యాయాధికారిగా పనిచేసిన జకోలియోకు పాండిత్యం కంటే ఊహాశక్తి ఎక్కువ. మనుస్మృతిలో లేనివి కూడా ఆ అనువాదంలో చేరాయి. నీషేకు సంస్కృతం రాదు. బాల్యమిత్రుడు పాల్ డాయిసన్ గొప్ప సంస్కృత పండితుడైనా నీషే నిజానిజాలు సరిచూసుకున్నట్టు కనిపించదు. వర్ణాల మెట్లు చూసి ముచ్చటపడ్డారు. 'యాంటీక్రైస్ట్'లో బైబిల్ కంటే మనువు మేలన్నారు. అయితే అదే ఏడాది రాసిన మరో పుస్తకంలో చండాలుర మీద విధించిన ఆంక్షలను ఏకరువు పెట్టి, ఇంతకంటే మనసును గాయపరిచేవి లేవన్నట్టు రాశారు.

1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతి ప్రతిని దహనం చేయించిన అంబేద్కర్ ఈ సంబంధాన్ని వదల్లేదు. ఆయన మరణానంతరం 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించిన 'ఫిలాసఫీ ఆఫ్ హిందూయిజం'లో నీషేను మనువుతో పోల్చారు. ఇద్దరూ ఒకే తానులో ముక్కలని ముందు చెబుతారు. తర్వాత తేడా పట్టుకుంటారు. నీషే కోరింది ఇంకా పుట్టని కొత్త మనిషిని, అతని గొప్పతనానికి యోగ్యతే కొలమానం. మనువు కాపాడింది అప్పటికే పైన కూర్చున్న వర్గాన్ని, వారి గొప్పతనానికి పుట్టుకే కొలమానం, గుణం పోయినా హోదా పోదు. అంబేద్కర్ లెక్కలో నీషే కనీసం నిజాయితీ ఉన్న తత్వవేత్త. మనువుకు ఆ మార్కులు పడలేదు.

1910లో పుదుచ్చేరి చేరిన అరవిందులు 'ఆర్య' పత్రికలో ఇదే ప్రశ్న తీసుకున్నారు. నీషే అతిమానవుడిలో దైవం కంటే అసురుడి పాలు ఎక్కువని ఆయన భావన. ఇతరుల మీద ఆధిపత్యం కాదు, అహాన్ని దాటడమే ఎదుగుదల అన్నారు. మ్యూనిక్‌లో డాక్టరేట్ అందుకున్న ఇక్బాల్ 1915లో పర్షియన్‌లో 'అస్రారె ఖుదీ' కావ్యం వెలువరించారు. 1920లో నికల్సన్ చేసిన ఇంగ్లీషు అనువాదం చదివిన బ్రిటిష్ విమర్శకులకు అందులో నీషే కనిపించాడు. తన ఆదర్శం సూఫీల 'ఇన్సానె కామిల్', అంటే పరిపూర్ణ మానవుడు, నీషే పేరు వినకముందే తాను దాని మీద రాశానని ఇక్బాల్ నికల్సన్‌కు లేఖ రాశారు.

విడివిడిగా రాసినా ఈ ముగ్గురు భారతీయులు పట్టుకున్నది ఒకే కీలు. పైన అంటే దేనికి పైన? నిన్నటి తనకా, పక్కింటి మనిషికా? లూసియన్ కథలో మికిల్లస్‌కు ఆ జవాబు పరలోకపు పడవ ఎక్కాకగానీ తెలియలేదు. పుట్టుకనో రంగునో డబ్బునో చూపి తాము అందరికీ పైన ఉన్నామనేవారు ఏ దేశంలో ఎదురైనా, విగ్రహవాక్యం అడగడానికి అంతదాకా ఆగనక్కర్లేదు.